టాక్టికల్ కత్తి గీస్తున్నాను, బొమ్మలో తప్పులు పట్టండి

పదునుపిచ్చి
మూడు నెలల నుంచి ఒకే కత్తిని గీస్తున్నా, చెరుపుతున్నా. ఇంక నా కంటికి తప్పులు కనపడట్లేదు. మీరు పట్టండి.

బ్లేడు పొడవు 18 సెం.మీ., వెడల్పు 35 మి.మీ., వెన్ను దగ్గర మందం 6 మి.మీ. పనిముట్లకి వాడే డీ2 ఉక్కు, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 62 హెచ్‌ఆర్‌సీ. మొన టాంటో, అంటే రెండు తిన్నటి అంచులు మూలగా కలిసేది. వెన్ను మీద రంపం పళ్లు. అంచులో పిడి వైపు సగం దాకా సెరేషన్లు, అంటే అలల్లాంటి చిన్న పళ్లు. పిడికి నాలుగు వేళ్లకీ నాలుగు గుంటలు, పిడి చివర అద్దం పగలగొట్టే ముల్లు. బ్లేడు మొత్తం నల్ల పూత. కైడెక్స్ ప్లాస్టిక్ ఒర.

నా కోరిక ఒక్కటే. ఒకే కత్తి, ఏ పనికీ వెనకాడకూడదు. తాడు కొయ్యాలి, కట్టె చీల్చాలి, ఇరుక్కున్న తలుపు సందులో దూర్చి ఎత్తినా విరగకూడదు. ఉక్కు ఇంకా కొనలేదు, కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి.

సానరాయి
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. బొమ్మలో కత్తి ఒకటే గానీ పనిముట్లు ఐదున్నాయి: రంపం, గొడ్డలి, గడ్డపార, సుత్తి, కత్తి. గడ్డపార పనికి మందం కావాలి, కొయ్యడానికి పల్చన కావాలి. ఆ రెండూ ఒకే చోట ఎలా ఇముడుతాయి? రోజూ చేసే పని ఏదో ముందు రాయండి. కొలతల సంగతి తర్వాత చూద్దాం.

వంకరమొన
టాంటో మాత్రం మార్చకండి. మొన దగ్గర అంత ఉక్కు ఇంకే ఆకారంలోనూ ఉండదు. నాది ఏడేళ్లుగా వాడుతున్నా, మొన చెక్కుచెదరలేదు.

సానరాయి
మొన సరే. ఆ రెండు అంచులు కలిసే మూలని ఎన్నిసార్లు సాన పట్టారు?

వంకరమొన
మూల కాస్త గుండ్రంగా అయిందని ఒప్పుకుంటా. అయినా వాడుక ఆగలేదు కదా.

తాడుమనిషి
పదునుపిచ్చి గారూ, నేను పడవల మీద పని చేస్తా. మా కత్తి చేసే పని నూటికి తొంభై పాళ్లు తాడు కొయ్యడమే, అదీ తడితాడు, అదీ బిగువు మీదున్నప్పుడు. మీ బొమ్మలో మూడు విషయాలు నాకు నచ్చలేదు.

ఒకటి, వెన్ను మీద రంపం. అది కట్టె కొయ్యదు, ఒర నుంచి తీసిన ప్రతిసారీ చొక్కా కొయ్యడం మాత్రం ఖాయం. ఆ పళ్లున్న కత్తి నా దగ్గర ఒకటుండేది. బలంగా నొక్కాలంటే వెన్ను మీద ఎడమ చెయ్యి వెయ్యాలి కదా, వేశాను. అరచేతిలో పళ్ల వరస మొత్తం అచ్చు పడింది.

రెండు, డీ2. "సగం స్టెయిన్‌లెస్" అని అందరూ అంటే నమ్మి కొన్నా. ఉప్పునీళ్లలో రెండు వారాలకే పూత గీసుకుపోయిన చోటల్లా చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది. అంచు మీద ఎలాగూ పూత ఉండదు, పదును పెట్టగానే పోతుంది. అంటే ఎక్కడ తుప్పు పట్టకూడదో సరిగ్గా అక్కడే రక్షణ లేదన్నమాట.

మూడు, సెరేషన్లు పెట్టిన చోటు. పిడి పక్కన ఉన్న అంచే చేతికి బాగా లొంగేది. చిన్న చిన్న చెక్కుడు పనులన్నీ అక్కడే చేస్తాం. దాన్ని పళ్లకిచ్చేస్తే మిగిలిన నున్నటి అంచు అంతా చేతికి దూరంగా ఉండిపోతుంది.

కొలిమిపక్కన
తాడుమనిషి చెప్పిన డీ2 సంగతికి కారణం ఉంది. అందులో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం. అంకె చూసి స్టెయిన్‌లెస్ అనుకుంటాం. కానీ ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా బిగుసుకుపోతుంది. తుప్పుని ఆపేది విడిగా మిగిలిన క్రోమియం మాత్రమే. దీనికి ఎదురు ఉదాహరణ మాగ్నాకట్, లారిన్ థామస్ రూపొందించిన ఉక్కు, 2021లో బయటికొచ్చింది. అందులో క్రోమియం 10.7 శాతమే, డీ2 కన్నా తక్కువ. అయినా తుప్పుని ఎంతో మెరుగ్గా తట్టుకుంటుంది, ఎందుకంటే క్రోమియం కార్బైడ్లలో చిక్కుకోకుండా కూర్పు లెక్కగట్టారు.

ఇక 6 మి.మీ. సంగతి. వంగకుండా నిలబడే బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 4 నుంచి 6కి వెళ్తే మందం ఒకటిన్నర రెట్లే, బిగువు దాదాపు 3.4 రెట్లు. అందుకే 6 మి.మీ. పట్టీ చేతిలోకి తీసుకోగానే మహా నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకానికి ఎంత చెల్లిస్తున్నారో చూడండి. 18 × 3.5 × 0.6 సెం.మీ. అంటే 37.8 ఘన సెం.మీ. ఉక్కు ఘన సెం.మీ.కి 7.85 గ్రాముల లెక్కన దాదాపు 297 గ్రాములు, బ్లేడు ఒక్కటే, సాన పట్టకముందు. అదే 13 × 3 × 0.4 అయితే 122. రోజంతా నడుముకి కట్టుకుని తిరిగేవాడికి ఈ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

కొయ్యడంలో అసలు లెక్క వెన్ను మందం కాదు, అంచుకి కాస్త పైన ఉండే మందం. ఒకసారి ఒకే పట్టీ నుంచి రెండు కత్తులు తీశా. ఒకదానికి అంచు వెనక అర మిల్లీమీటరు ఉంచా, రెండోదానికి మిల్లీమీటరు దాటి. రెంటికీ ఒకే కోణం, రెండూ చేతి మీద వెంట్రుకలు గీసేంత పదును. దళసరి అట్టపెట్టె మీద పెడితే మొదటిది చప్పుడు లేకుండా చివరిదాకా పోయింది. రెండోది జానెడు పోయి బిగుసుకుంది, అట్ట పక్కలకి చిరగడం మొదలుపెట్టింది. పదును అదే, ఉక్కు అదే. ఉక్కు పేరు గురించి పోట్లాడుకునే ముందు ఈ అర మిల్లీమీటరు గురించి పోట్లాడుకోవాలని నా అభిప్రాయం.

ఒరదొర
ఆఖరి వాక్యం ఈ విభాగం పైన అతికించాలి!

పదునుపిచ్చి
రంపం కొట్టేశా. మందం మాత్రం మనసొప్పట్లేదు. 4 మి.మీ. పెట్టి తలుపు ఎత్తితే విరగదా?

కొలిమిపక్కన
62 దగ్గర డీ2 అయితే మందం 6 ఉన్నా మొన పెచ్చు లేచే ప్రమాదముంది. గట్టిదనం వేరు, విరక్కుండా ఓర్చుకునే గుణం వేరు. ఒకటి పెంచితే సాధారణంగా రెండోది తగ్గుతుంది. ఎత్తే పని నిజంగా ఉందనుకుంటే సీపీఎం 3వీ అనే ఉక్కు చూడండి. ఇంటి కొలిమిలో చేసుకునేలా కావాలంటే 80సీఆర్‌వీ2 తీసుకుని గట్టిదనం 58 దగ్గర ఆపండి. అంచు తొందరగా మొద్దుబారుతుంది, నిజమే. కానీ మొద్దుబారిన అంచుని పది నిమిషాల్లో నిలబెట్టొచ్చు. పెచ్చు లేచిన అంచుకి ఒక సాయంకాలం పోతుంది.

సానరాయి
పది నిమిషాలు కూడా ఎక్కువే, ఐదు చాలు.

రాత్రిడ్యూటీ
అంబులెన్సులో పనిచేస్తాను. ఇందాకట్నుంచి అందరూ బ్లేడు గురించే మాట్లాడుతున్నారు. నేను పిడి గురించి చెప్తా.

మాకు ఒకప్పుడు ఇచ్చిన కత్తి ఏ కంపెనీదో రాయను. పిడి నున్నటి ప్లాస్టిక్, బ్లేడుకీ పిడికీ మధ్య అడ్డం లేదు. వానలో ఒక కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని సీటు బెల్టు కోస్తున్నా. చేతికి గ్లవ్స్, గ్లవ్స్ మీద నీళ్లు. బెల్టు గబుక్కున తెగింది, చెయ్యి ముందుకి జారి చూపుడువేలు అంచు మీదకి వెళ్లింది. ఐదు కుట్లు. లోపలున్న మనిషికి ఏమీ కాలేదు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఊపిరి తేలికవుతుంది. మొన నా వైపు కాకుండా ఆయన వైపు జారి ఉంటే?

అందుకని నా మాటలు మూడు. అడ్డం లేని పిడి వద్దు, చిన్నదైనా సరే ఉండాలి. నాలుగు వేళ్లకి నాలుగు గుంటలు వద్దు, అవి మీ చేతికి, గ్లవ్స్ లేనప్పుడు మాత్రమే సరిపోతాయి. పిడి చివర ముల్లు వద్దు. అది కూర్చున్నప్పుడు పక్కటెముకల్లో గుచ్చుతుంది, పైగా పిడి చివర అరచెయ్యి ఆనించి తొయ్యలేరు. కారు ముందు అద్దం పొరలు అతికించినది, దాన్ని ముల్లు పగలగొట్టినా పొర ఊడి రాదు. పక్క అద్దాలకి విడిగా చిన్న పరికరం ఉంటుంది. సీటు బెల్టుకైతే మొన లేని కొక్కెం కట్టరే మంచిది. ఆ రెండూ కత్తి మీద రుద్దకండి.

తాడుమనిషి
వేలు ఇప్పుడు వంగుతోందా?

రాత్రిడ్యూటీ
వంగుతోంది. చలికాలం కాస్త బిగుసుకుంటుంది.

పాతకత్తులు
రాత్రిడ్యూటీ గారు చెప్పిన పిడి సంగతి చరిత్రలో కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన రెండు కత్తులు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ అనే ఇద్దరు శిక్షకులు బ్రిటిష్ కమాండోల కోసం రూపొందించినది. విల్కిన్సన్ స్వోర్డ్ అనే కంపెనీ 1941లో తయారుచేసింది. సన్నటి, రెండు వైపులా అంచున్న బాకు. ఒకే పని కోసం పుట్టింది, ఆ పనికి గొప్పది. కానీ సైనికుడు రోజంతా ఆ ఒక్క పనే చెయ్యడు కదా. డబ్బా తెరవబోతే, పెట్టె మూత ఎత్తబోతే ఆ సన్నటి మొన విరిగేది. పిడి గుండ్రటిది, చీకట్లో పట్టుకుంటే అంచు ఎటు తిరిగి ఉందో చేతికి తెలియదు.

రెండోది 1942లో అమెరికన్ మెరైన్లు తీసుకున్న కత్తి, తర్వాత కా-బార్ పేరుతోనే స్థిరపడింది. 7 అంగుళాల బ్లేడు, ఒకే అంచు, తోలు బిళ్లలు పేర్చి చేసిన పిడి. ఆ పిడి అడ్డకోత కోడిగుడ్డులా ఉంటుంది. చూడకుండా పట్టుకున్నా అంచు ఎటుందో అరచేతికి తెలిసిపోతుంది. గుంటలు తవ్వారు, డబ్బాలు తెరిచారు, పోరాటానికీ వాడారు. ఇప్పటికీ తయారవుతోంది.

రంపం పళ్లకి కూడా ఒక మూలం ఉంది. అమెరికన్ పైలట్ల 5 అంగుళాల సర్వైవల్ కత్తికి వెన్ను మీద పళ్లు పెట్టింది కట్టె కోసం కాదు, కూలిన విమానం పల్చటి లోహపు తొడుగు కోసుకుని బయటపడటానికి. మనం ఆ అవసరాన్ని వదిలేసి పళ్లని మాత్రం తెచ్చుకున్నాం.

వంకరమొన
బ్లేడు మీద పొడవాటి గాడి సంగతి కూడా చెప్పండి. రక్తం కారడానికి అంటారు కదా.

పాతకత్తులు
అది కట్టుకథ. గాడి బరువు తగ్గించడానికి. అంచు దిశలో వంగుడుని ఎక్కువగా ఆపేది వెన్ను వైపూ అంచు వైపూ ఉన్న ఉక్కు, వెడల్పు మధ్యలో ఉక్కు తీసినా ఆ బిగువు పెద్దగా పోదు. పదునుపిచ్చి గారి 297 గ్రాములకి అదొక మందు. కానీ 4 మి.మీ.కి దిగితే ఆ మందే అక్కర్లేదు.

కొత్తగాచేరా
ఇంత గొడవ ఎందుకు, మంచి మడతకత్తి తీసుకుంటే పోదా? జేబులో పడి ఉంటుంది.

సానరాయి
జేబులో ఉండటమే దాని బలం. కానీ ఆయన తలుపు ఎత్తుతానంటున్నారు. మడతకత్తి ఎంత గొప్పదైనా మధ్యలో ఒక ఇరుసు, ఒక లాక్ ఉంటాయి. లైనర్ లాక్ అయితే పల్చటి రేకు ఒకటి బ్లేడు మడమకి ఆని నిలబడాలి. అందులో ఇసుక పడితే పూర్తిగా ఆనదు. మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోనే పెట్టాలి, గ్లవ్స్‌తో అది ఇంకా కష్టం. పెట్టెలు తెరవడానికి నేనూ అదే వాడతా. బరువు పడే చోట మాత్రం పిడి చివరిదాకా ఒకే ఇనుముగా వెళ్లిన ఫుల్ టాంగ్.

చట్టంచూడు
గీసే ముందే ఇంకొకటి చూసుకోండి. బ్లేడు పొడవు, రెండు వైపుల అంచు, బహిరంగంగా వెంట పెట్టుకోవడం, వీటి మీద నియమాలు దేశానికో రకంగా ఉంటాయి. 18 సెం.మీ. చేసి అల్మారాలో దాచుకోవడం కన్నా 11 చేసి వాడుకోవడం మేలు.

పదునుపిచ్చి
నిన్న రాత్రి అంతా మళ్లీ చదివా. నిజం చెప్పాలంటే మొదట మనసు చివుక్కుమంది, మూడు నెలల బొమ్మ కదా. తర్వాత సానరాయి గారు అడిగినట్టు పోయిన నెలలో కత్తితో చేసిన పనులన్నీ కాగితం మీద రాశా. తాడు, అట్ట, ప్లాస్టిక్ పట్టీలు, పొయ్యి రాజెయ్యడానికి పుల్లలు చెక్కడం, గుడారం గూటాలు. తలుపు ఎత్తింది ఒక్కసారి కూడా లేదు. ఎత్తాల్సొస్తే గడ్డపార తెచ్చుకుంటా.

పిడికి ఏం చెయ్యమంటారు?

కొలిమిపక్కన
కాగితం మీద పిడి గీయకండి. 4 మి.మీ. ప్లైవుడ్ మీద కత్తి మొత్తం కోసి, రెండు వైపులా మెత్తటి చెక్క అతికించి, ఆకురాయితో రుద్దుకుంటూ రండి. పది నిమిషాలకోసారి ఆపి కళ్లు మూసుకుని పట్టుకోండి. అంచు ఎటుందో చూడకుండా తెలియాలి. తలకిందులుగా పట్టుకున్నా, గ్లవ్స్ వేసుకున్నా ఎక్కడా గుచ్చుకోకూడదు. పొడవు 12 సెం.మీ.కి తగ్గొద్దు.

చివరికి తొడుగు మైకార్టా పెట్టండి. గుడ్డ పొరల్ని రెసిన్‌తో అదిమి చేసినది. మెరుగు పెట్టకుండా వదిలేస్తే తడిసినప్పుడు పట్టు బాగుంటుంది. జీ10 కూడా మంచిదే గానీ అందులో ఉండేది గాజు నార. రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకి చేటు. మాస్కు లేకుండా, నీళ్లు చల్లకుండా దాన్ని ముట్టుకోకండి. ఈ ఒక్క విషయంలో బతిమాలుతున్నా అనుకోండి.

ఒరదొర
ఎట్టకేలకు నా వంతు. కైడెక్స్ సరైన ఎంపికే. వేడి చేస్తే మెత్తబడుతుంది, కత్తి మీద అదిమితే ఆ ఆకారంలో బిగుస్తుంది. కానీ రెండు జాగ్రత్తలు. కింద నీళ్లు పోయే కంత ఉండాలి. లోపల ఇసుక చేరితే తీసిన ప్రతిసారీ బ్లేడుని గీస్తుంది, అందుకని కడిగే వీలుండాలి. ఇక అంచు ఒరకి తగలకూడదు, పిడి మొదట్లో మాత్రమే బిగువుగా పట్టాలి. తలకిందులు చేసి గట్టిగా ఊపండి. పడకూడదు. బొటనవేలితో ఒరని కిందకి నెడుతూ లాగితే ఒక్క చేత్తో రావాలి. ఈ రెండూ కుదిరేదాకా నేను ఒకే ఒరని నాలుగైదుసార్లు వేడి చేస్తా.

తాడుమనిషి
తోలు ఒరలో కత్తిని నెలల తరబడి వదిలెయ్యకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలుని ఊనడానికి, అంటే శుద్ధి చెయ్యడానికి వాడిన రసాయనాలు కూడా లోహాన్ని తింటాయి. 80సీఆర్‌వీ2 అయితే మరీను, అది స్టెయిన్‌లెస్ కాదు. తుడిచి, పల్చగా నూనె రాసి, విడిగా పెట్టండి.

పదునుపిచ్చి
వారం పట్టింది. మూడు చెక్క కత్తులు చేశా. మొదటిదానికి పట్టుదల కొద్దీ వేళ్ల గుంటలు పెట్టా. మా తమ్ముడికిచ్చి పట్టుకోమన్నా. వాడి వేళ్లు నా కన్నా లావు, గుంటల మధ్య గట్లు సరిగ్గా వాడి కణుపుల మీద కూర్చున్నాయి. మాట్లాడకుండా తిరిగిచ్చేశాడు. మూడోది గుడ్డు ఆకారం, మధ్యలో కాస్త ఉబ్బు, ముందు వేలు ఆగేలా కిందికి చిన్న అడ్డం. కళ్లు మూసుకుని చేతిలో తిప్పితిప్పి పట్టుకున్నా, ప్రతిసారీ అంచు ఎటుందో చెప్పగలిగా.

కొత్త కొలతలు: బ్లేడు 12 సెం.మీ., వెడల్పు 30 మి.మీ., వెన్ను 4 మి.మీ. 80సీఆర్‌వీ2, 58. వెన్ను నుంచి అంచు దాకా పూర్తి చదును సాన, అంచు వెనక 0.5 మి.మీ., పదును కోణం వైపుకి 20 డిగ్రీలు. వెన్ను వాలి కిందికి దిగే డ్రాప్ పాయింట్ మొన. మైకార్టా పిడి. ముల్లు లేదు, పళ్లు లేవు. 4 మి.మీ. పట్టీ తెచ్చేశా, ఆకారం కూడా కోసేశా.

వంకరమొన
టాంటో పోయిందన్నమాట. నేనైతే మార్చను, అయినా ఈ బొమ్మ చూస్తే చేతిలోకి తీసుకోవాలనిపిస్తోంది.

తాడుమనిషి
సెరేషన్లు పూర్తిగా తీసెయ్యమని నేననలేదు, చోటు మార్చమన్నా. తడితాడు మీద మొద్దుబారిన పళ్లు కూడా పనిచేస్తాయి, మొద్దుబారిన నున్నటి అంచు జారిపోతుంది.

సానరాయి
ఆయన రోజూ తడితాడు కొయ్యరు కదా. నున్నటి అంచుని గరుకు రాయి మీద ఆపేస్తే, నునుపు రాయి దాకా తీసుకెళ్లకుండా, తాడుని బాగానే పడుతుంది. ప్రయత్నించి చూడండి.

తాడుమనిషి
పడుతుంది, ఒక రోజు. నా మాట మీద నేనున్నా.

రాత్రిడ్యూటీ
అడ్డం చూసి సంతోషమేసింది. దాని లోపలి మూల గుండ్రంగా ఉంచండి, పదునైన మూల ఉంటే చూపుడువేలు చర్మం లేచిపోతుంది. పగులు కూడా అలాంటి మూలల్లోనే మొదలవుతుందని విన్నా.

కొలిమిపక్కన
సరిగ్గా విన్నారు. నూనెలో ముంచేటప్పుడు పగుళ్లు మొదలయ్యేది అక్కడే. పదునుపిచ్చి గారూ, పిడి రివిట్లకి కంతలు వేశారా?

పదునుపిచ్చి
లేదు. నీరు పట్టాక, అంటే వేడి చేసి ముంచి గట్టిపరిచాక వేద్దామనుకున్నా.

కొలిమిపక్కన
ఆగండి! ముందే వెయ్యాలి. గట్టిపడ్డాక మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద జారి అరిగిపోవడమే. మూడు కంతలు చాలు. అంచు వైపు సాన కూడా పల్చగా దించకండి, మిల్లీమీటరు దాకా వదిలెయ్యండి, వేడికి వంకర తిరక్కుండా ఉంటుంది. తర్వాత రుద్ది అరకి తేవచ్చు. కొలిమిలో వేడి చేసేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అది దాటి ఇంకొంచెం ఎర్రబడాలి. గోరువెచ్చటి నూనెలో మొన ముందుగా నిలువుగా దించండి, పక్కలకి కదపకండి. బయటికి తీశాక ఆకురాయి అంచు మీద గీస్తే జారిపోవాలి. వెంటనే, గట్టిదనం 58కి దిగేలా తక్కువ వేడిలో రెండు గంటలు, చల్లారాక మళ్లీ రెండు గంటలు. ఆ మధ్యలో కింద పడెయ్యకండి, గాజులా పగులుతుంది.

పదునుపిచ్చి
పట్టీ బల్ల మీదే ఉంది. కంతలు రేపు పొద్దున్నే వేస్తా. చివరి కంత పిడి చివర నుంచి ఎంత దూరంలో?

కొలిమిపక్కన
18 మి.మీ. తాడు కట్టుకునే కంత కూడా వేసుకుంటే దానికి చోటు మిగులుతుంది.

తాడుమనిషి
తాడు నేను పంపిస్తా.